వాతావరణ మార్పును తట్టుకునే సత్తా ఎవరిది? నెదర్లాండ్స్‌దా, బంగ్లాదేశ్‌దా?

గట్టుమేస్త్రి:
రెండూ డెల్టా దేశాలే, కానీ పోలికెక్కడ? నెదర్లాండ్స్‌లో దాదాపు నాలుగో వంతు నేల సముద్ర మట్టానికి దిగువన ఉంది. 1953 ఉప్పెనలో అక్కడ 1,836 మంది పోయారు. ఆ దెబ్బతో గట్లు, గేట్లు కట్టుకున్నారు. రాటర్‌డామ్ దగ్గర ఉప్పెనను అడ్డుకునే మాస్లాంట్ గేట్లు 2023 డిసెంబరు తుఫానులో కంప్యూటర్ లెక్కతో వాటంతట అవే మూసుకున్నాయి. బంగ్లాదేశ్‌కు అంత డబ్బెక్కడిది?

లంకవాసి:
మేస్త్రిగారూ, డబ్బే సత్తా అయితే ఈ లెక్క చూడండి. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 భోలా తుఫానుకు తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయారు. 1991 తుఫానుకు సుమారు 1,38,000. 2020లో అంఫన్ వచ్చినప్పుడు కరోనా టెన్షన్ మధ్యే 20 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. అది తీరం దాటింది మన బెంగాల్లోనే అనుకోండి, అయినా బంగ్లాదేశ్‌లో మృతులు పదుల్లోనే ఉన్నారంటే ఊరికే జరగలేదు.

1972లో అక్కడ ప్రభుత్వం, రెడ్ క్రీసెంట్ (అక్కడి రెడ్ క్రాస్) కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. ఇప్పుడు వాలంటీర్లు 70 వేలకు పైనే, అందులో సగం మంది ఆడవాళ్లు. ప్రమాదం పెరిగేకొద్దీ ఊళ్లో ఒక జెండా, తర్వాత రెండు, చివరికి మూడు ఎగరేస్తారు. మైకు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. 1991లో మగవాళ్ల కన్నా ఆడవాళ్లే చాలా ఎక్కువగా చనిపోయారు. భర్త చెప్పనిదే గడప దాటలేక కొందరు, పరాయి మగవాళ్ల మధ్య షెల్టర్లో ఉండలేక కొందరు. ఇప్పుడు పిలవడానికి వచ్చేదీ ఆడమనిషే, కొత్త షెల్టర్లలో వాళ్లకు వేరే గదులున్నాయి. 1977లో దివిసీమను ముంచిందీ ఈ బంగాళాఖాతమే. సమయానికి కబురు అందడం ఎంత పెద్ద విషయమో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

గట్టుమేస్త్రి:
ప్రాణం దక్కింది, సరే. మర్నాటి నుంచి బతికేదెలా? 2009లో ఐలా తుఫానుకు తెగిన గట్లను కొన్నిచోట్ల చాలాకాలం పూడ్చనేలేదు. నైరుతి తీరంలోని సాత్‌ఖీరా, ఖుల్నా జిల్లాల వైపు పొలాలు ఉప్పు తేలాయి, తాగే నీళ్లకు ఆడవాళ్లు బిందెలతో దూరాలు నడుస్తున్నారు.

లంకవాసి:
ఇది నిజం. బంగ్లాదేశ్ ఓడిపోతున్నది ఇక్కడే, తుఫాను రాత్రి కాదు. అయితే గేట్లు లేకపోవడం వల్ల కాదంటాను. నెదర్లాండ్స్‌లో గట్ల బాధ్యత నీటి బోర్డులది. వందల ఏళ్ల నాటి వ్యవస్థ అది. జనమే వాటికి సభ్యులను ఎన్నుకుంటారు, బోర్డు తన పన్ను తానే వేసుకుంటుంది. గట్టు బీటలిస్తే ఎవరిని నిలదీయాలో ఊరికి తెలుసు.

బంగ్లాదేశ్‌లో 1960ల్లో విదేశీ సొమ్ముతో తీరమంతా కరకట్టలు కట్టారు. పొలాల్లోకి రావాల్సిన ఒండ్రు నదిలోనే పేరుకుపోయింది. లోపలి నేల కుంగి, వాననీరు బయటికి పోక నిలిచిపోయింది. 1990లో ఖుల్నా దగ్గరి లోతట్టు ప్రాంతం బీల్ డకాతియా జనం విసిగిపోయి తామే గట్టు కోసి, ఆటుపోటు నీటిని, ఒండ్రును లోపలికి రానిచ్చారు. మీరు మెచ్చుకునే డచ్ ఇంజనీర్లు కూడా 2006 తర్వాత కొన్ని గట్లను వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు కదా!

2018లో బంగ్లాదేశ్ ఆమోదించిన దీర్ఘకాల నీటి ప్రణాళిక, డెల్టా ప్లాన్ 2100, డచ్ సాయంతో తయారైందే. వాళ్ల నుంచి గేట్ల డిజైన్ కన్నా ముందు ఆ బోర్డుల పద్ధతి తెచ్చుకోవాలి. మరమ్మతు సొమ్ము, ఎక్కడ కట్టాలో ఎక్కడ కోయాలో తేల్చే హక్కు, రెండూ ఢాకాలో కాదు, ఆ గట్టు కింద సాగు చేసేవాళ్ల చేతిలో ఉండాలి.