అప్‌డేట్: అమ్మ డల్లాస్ చేరింది

ఇంగ్లిష్ రాని అమ్మ హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఒక్కతే డల్లాస్ ఎలా వస్తుందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే వీల్‌చైర్ సాయం బుక్ చేశాం. క్షేమంగా వచ్చేసింది.

అసలు గొడవంతా గుంటూరులో జరిగింది. దుబాయ్‌లో వీల్‌చైర్లో కూర్చుని అమ్మ ఫొటో పంపింది. అది చూసి మా మేనత్త "వదిన పడిపోయింది" అని ఏడుపు మొదలుపెట్టింది. నాన్న కంగారుగా నాకు ఫోన్ చేసి, "కాలా, నడుమా? నా దగ్గర దాచకురా" అన్నారు. దారి చూపించే మనిషి తోడుంటారనే కుర్చీ పెట్టించామని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి అమ్మే వీడియో కాల్లో లేచి నాలుగడుగులు నడిచి చూపించింది. పక్కనున్న సహాయకుడు చప్పట్లు కొట్టాడట! ఇంటిల్లిపాదీ ఇంకా పడీ పడీ నవ్వుతున్నాం.

ఇమిగ్రేషన్‌లో ఆఫీసర్ ఫోన్‌లో తెలుగు అనువాదకురాలిని కలిపారు. ఎవరింట్లో, ఎన్నాళ్లు అని అడిగారంతే. ఆవకాయ తెచ్చానని అమ్మ ముందే చెప్పేసింది, వదిలేశారు. మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టకండి, తీసేసుకుంటారు. మా చిరునామా, నంబరు రాసిచ్చిన కాగితం బాగా పనికొచ్చింది.

వీల్‌చైర్ బుక్ చేస్తే ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చాలా థాంక్స్.