"దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది": ఈ పద్యం న్యాయమూర్తులకు వర్తిస్తుందా?

జయనగర్ నుంచి

ఎన్నికల తేదీలు రాగానే తిక్కన గారి పద్యం ఒకటి మన బెంగళూరు తెలుగు వాట్సాప్ గుంపుల్లో తిరగడం మొదలవుతుంది. ఈసారి దాని కింద ఎవరో ఒక మాట చేర్చారు. అభ్యర్థి ఎలాంటివాడో తెలిసీ పెదవి విప్పని న్యాయమూర్తులు ఈ పద్యం ప్రకారం దోషులేనట. నాకు వచ్చినట్టే పెడుతున్నాను.

సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱిన దైన యవస్థ దక్షు లె
వ్వరు నుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడిన్

రెండు సందేహాలు. "దక్షులు" అన్నమాటలో న్యాయమూర్తులు వస్తారా? "ఉపేక్ష" అంటే మాట్లాడకపోవడమేనా?

మల్లేశ్వరం నుంచి

ముందు పాఠం సరిచేసుకుందామమ్మా. మూడో పాదం "వ్వార లుపేక్ష" అని మొదలవ్వాలి. ఇది ఉత్పలమాల. పాదం భగణంతో (ఒక గురువు, రెండు లఘువులు) మొదలవుతుంది కాబట్టి తొలి అక్షరం గురువు. "వ్వరు ను" అంటే మూడూ లఘువులే, గణం చెడింది. ఎవరో వాడుక భాషలోకి దిద్దబోయి పాడుచేశారు.

సందర్భం ఉద్యోగపర్వం, రాయబారం. కౌరవసభలో శ్రీకృష్ణుడు అంటున్న మాట. సారవంతమైన ధర్మం, నిర్మలమైన సత్యం, పాపం వల్లా బొంకు వల్లా గట్టెక్కలేక చెడిపోయే స్థితికి వచ్చాయి. అప్పుడు ఆపగల సమర్థులు చూసీ చూడనట్టు ఊరుకుంటే చేటు వాళ్లకే. ధర్మాన్ని గట్టెక్కించడానికీ సత్యానికి శుభం చేయడానికీ దైవం ఎటూ ఉంది.

ఉపేక్షలో ఉన్నది ఉప, ఈక్ష. ఈక్షించడమంటే చూడడం. పరీక్ష, సమీక్ష, నిరీక్షణ, ప్రతీక్ష అన్నీ ఈ ధాతువు పిల్లలే. కళ్లముందుకు వచ్చినదాన్ని పట్టించుకోకుండా వదిలేయడం ఉపేక్ష. కాబట్టి ఉపేక్ష జరగాలంటే ఆ విషయం ముందు మన ఎదుటికి రావాలి. మౌనం వేరు. మాట్లాడుతూనే ఉపేక్షించవచ్చు, మౌనంగా ఉండి పని చేయవచ్చు.

సంస్కృత మూలం చూస్తే ఇంకా తేటపడుతుంది. "యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః." ఇదే శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది. ఆ అధ్యాయం వ్యవహార నిర్ణయం గురించి, అంటే దావాలు ఎలా విని తీర్పు చెప్పాలన్నదాని గురించి. అక్కడ సభాసదులంటే దావా వినడానికి కూర్చున్నవాళ్లు. దానికి ముందు శ్లోకం సభలోకి వెళ్లకుండానైనా ఉండు, వెళ్లావా న్యాయంగా మాట్లాడు అంటుంది. అక్కడ మాట్లాడకపోయినా పాపమే, అడ్డంగా మాట్లాడినా పాపమే.

తిక్కన "సభాసదః" అన్నచోట "దక్షులు" అన్నాడు. పరిధి పెరిగింది, నిజమే. కానీ ఆ దక్షత ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంది.

శివాజీనగర్ నుంచి (హైకోర్టు న్యాయవాది)

మల్లేశ్వరం మాస్టారు వదిలిన చోటే అందుకుంటాను. న్యాయమూర్తి దక్షత ఆయన నోట్లో లేదు, ఆయన ముందున్న ఫైల్లో ఉంది. ఒక అభ్యర్థి విషయంలో అది ఎలా పనిచేస్తుందో చెబుతాను.

ఎన్నికను సవాలు చేయడానికి దారి ఒక్కటే, ఎన్నికల పిటిషన్. రాజ్యాంగం 329(బి) అధికరణం మిగతా దారులు మూసేసింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 80ఎ సెక్షన్ ప్రకారం పార్లమెంటు, శాసనసభ ఎన్నికల పిటిషన్‌ను హైకోర్టే వినాలి, మామూలుగా ఒకే న్యాయమూర్తి. ఫలితం వెలువడిన నాటి నుంచి 45 రోజుల్లోగా దాఖలు చేయాలి. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని 86వ సెక్షన్ చెబుతుంది. తర్వాత 30 రోజుల్లోగా సుప్రీంకోర్టుకు అప్పీలు.

99వ సెక్షన్ ఇంకా ముఖ్యం. అవినీతికర చర్య (లంచం లాంటివి) జరిగిందని తేలితే ఎవరు చేశారో పేరు పెట్టి ఆర్డర్లో రాయాలి. పిటిషన్‌లో పార్టీ కాని మనిషి పేరు రాయాల్సివస్తే ముందు నోటీసివ్వాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం, తన సాక్ష్యం పెట్టుకునే అవకాశం ఇవ్వాలి. ఇవన్నీ అయ్యాక కూడా పేరు రాయకుండా దాటవేస్తే, ఆ ఉపేక్షకు తిక్కన పద్యం అక్షరాలా వర్తిస్తుంది.

అలా ఉపేక్షించకపోవడం ఎలా ఉంటుందో 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా చూపించారు. 1971 రాయ్‌బరేలీ ఎన్నిక. అక్కడ గెలిచిన ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆరోపణలు చాలా ఉంటే ఎక్కువ భాగం కొట్టేసి, ప్రభుత్వోద్యోగుల సాయం వాడుకున్నారన్నవి (అదే చట్టం 123(7) కింద ఇదీ అవినీతికర చర్యే) మాత్రం నిలబెట్టి ఎన్నిక రద్దు చేశారు. అంతకు ముందు ఆయన ఏ సభలోనైనా ఇందిరాగాంధీ గురించి ఒక్క మాట అని ఉంటే, ఆ తీర్పు వచ్చిన గంటలో దేశమంతా చదివేది తీర్పును కాదు, ఆ మాటను.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి. న్యాయమూర్తి ఒక అభ్యర్థిని బహిరంగంగా తిట్టారనుకోండి, లేదా మెచ్చుకున్నారనుకోండి. రేపు ఆ పిటిషన్ ఆయన బెంచికి వస్తుంది. తప్పుకోమని అర్జీ పెడతారు. మన దగ్గర తప్పుకోవాలా వద్దా అన్నది ఆ న్యాయమూర్తే తేలుస్తారు. తప్పుకుంటే ప్రధాన న్యాయమూర్తి మరొకరికి కేటాయించాలి, నెలలు పోతాయి. తప్పుకోకపోతే తీర్పు ఎటు వచ్చినా అప్పీల్లో మొదటి కారణం అదే. ఉన్న దక్షతను మాటతో ఖర్చు పెట్టేసుకున్నట్టు. పోయిన నెల మాట్లాడినందుకే ఈ నెల చేతులు కట్టేసుకోవాలి.

వైట్‌ఫీల్డ్ నుంచి

లాయర్ గారూ, న్యాయమూర్తి పౌరుడు కాదా అండీ? భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణం ఆయనకు లేదా? అమెరికాలో 2002లోనే న్యాయమూర్తుల నోరు కట్టేసే నిబంధనను కొట్టేశారు కదా.

శివాజీనగర్ నుంచి

ఆ కేసు మిన్నెసోటా రాష్ట్రానిది. అక్కడ న్యాయమూర్తి పదవికే ఎన్నికలుంటాయి. ఆ పదవికి పోటీ చేసేవాళ్లు వివాదాస్పద న్యాయ, రాజకీయ అంశాలపై తమ అభిప్రాయం చెప్పకూడదన్న నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 5–4తో కొట్టేసింది. వేరే పదవికి నిలబడ్డ అభ్యర్థిని న్యాయమూర్తి సమర్థించడం, వ్యతిరేకించడం వేరే విషయం. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమావళి దాన్ని ఇప్పటికీ వద్దంటుంది.

2016 జులైలో ఆ సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఇంటర్వ్యూల్లో అధ్యక్ష అభ్యర్థి ట్రంప్‌ను విమర్శించారు. కొద్ది రోజుల్లోనే ఆ మాటలు అనుచితమని, న్యాయమూర్తులు అభ్యర్థుల మీద వ్యాఖ్యానించకూడదని ఆమే ప్రకటన ఇచ్చారు. 2000లో అధ్యక్ష ఎన్నిక తగవు ఆ కోర్టు గడపే తొక్కింది. మళ్లీ తొక్కదన్న భరోసా ఎవరిస్తారు?

పౌరుడన్న మాటకు జవాబు మన ఊళ్లోనే ఉంది. న్యాయమూర్తుల ప్రవర్తనపై ప్రపంచమంతా వాడే సూత్రాల ముసాయిదా 2001 ఫిబ్రవరిలో ఇక్కడే తయారైంది, అందుకే వాటికి బెంగళూరు సూత్రాలని పేరు. 2002 నవంబరులో హేగ్‌లో తుదిరూపం ఇచ్చారు. అందులో 4.6 చదవండి. మిగతా పౌరుల్లాగే భావప్రకటన, విశ్వాసం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ న్యాయమూర్తికీ ఉన్నాయి. అయితే పదవి గౌరవం, నిష్పాక్షికత, స్వతంత్రత నిలిచేలా వాటిని వాడుకోవాలి. మన సుప్రీంకోర్టు 1997 మే 7న ఆమోదించిన విలువల పత్రం ఇంకా సూటిగా ఉంటుంది: రాజకీయ విషయాలపై బహిరంగంగా అభిప్రాయం చెప్పకూడదు, తీర్పులే మాట్లాడాలి, మీడియాకు ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు.

ఓటు వేయొచ్చు, ఎవరికన్నది ఎవరూ అడగలేరు. ఎన్నికల చట్టం మీద విద్యార్థులకు పాఠం చెప్పొచ్చు. ఒకరి పేరు పట్టుకుని మంచి చెడ్డలు చెప్పడం దగ్గరే గీత.

బలహీనత కూడా చెప్పాలి. 1997 పత్రం తీర్మానమే, చట్టం కాదు. దాటితే జరిమానా లేదు. పదవి నుంచి తొలగించాలంటే రాజ్యాంగం 124(4) కింద రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి. ఒక నోరుజారుడుకు అంత దూరం ఎవరూ వెళ్లరు. అందుకే ఇది న్యాయమూర్తి నిగ్రహం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

కోరమంగళ నుంచి (పత్రికలో డెస్క్ పని)

పాఠకుల గందరగోళంలో మా వాటా ఉంది. "హైకోర్టు అభిప్రాయపడింది" అని రాస్తాం. ఇక్కడి కన్నడ పత్రికలూ "అభిప్రాయపట్టిదె" అనే రాస్తాయి. ఆ ఒక్క క్రియలో మూడు వేర్వేరు సంగతులు దూరిపోతాయి: ఆర్డర్లో రాసిన నిర్ణయం, ఆర్డర్లో ఉన్నా నిర్ణయానికి అవసరం లేని మాట, వాదనల మధ్య నోటితో అన్నది. మూడోది రికార్డులోనే ఉండదు. 2021 ఏప్రిల్లో మద్రాసు హైకోర్టు బెంచి కొవిడ్ వేళ ఎన్నికల సభల విషయంలో ఎన్నికల సంఘాన్ని ఉద్దేశించి హత్య కేసు పెట్టాలన్నట్టు మాట్లాడింది. మే 6న సుప్రీంకోర్టు ఆ మాట రికార్డులోది కాదు కాబట్టి కొట్టేయడానికేమీ లేదని, అయితే అలాంటి మాటల్లో జాగ్రత్త అవసరమని చెప్పింది.

అందుకని నోటి మాటకు "విచారణలో అన్నారు" అని, ఆర్డర్లో ఉన్నదానికి "ఆర్డర్లో పేర్కొన్నారు" అని, నిర్ణయానికి "తీర్పు చెప్పింది" అని రాయండి. అభ్యర్థి పేరున్న వార్తలో "మండిపడింది", "మొట్టికాయలు" అసలు వద్దు. ఆ మాటలు న్యాయమూర్తికి లేని ద్వేషాన్ని కూడా అంటగడతాయి.

జయనగర్ నుంచి

పదవి వదిలేసినవాళ్ల సంగతి?

మల్లేశ్వరం నుంచి

దానికి మన కోకా సుబ్బారావు గారు ఉన్నారమ్మా. భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967 ఏప్రిల్లో ముందు రాజీనామా చేసి, ఆ తర్వాతే ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. అప్పుడూ విమర్శలు తప్పలేదు, కానీ పోటీకి దిగేముందు పదవి మాత్రం వదిలేశారు.

శివాజీనగర్ నుంచి

రిటైరైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఏ కోర్టులోనూ వకాల్తా పట్టకూడదని రాజ్యాంగం 124(7) చెబుతుంది. మాట్లాడకూడదని ఎక్కడా లేదు. అభ్యర్థిని సమర్థించినా తప్పు పట్టలేం. ఆ వార్తలో పేరు ముందు "విశ్రాంత" అన్నది ఉండాలి, శీర్షికలో కూడా. డెస్క్ మేడమ్, ఇది మీ చేతిలో ఉంది. స్థలం చాలదని శీర్షికలో వట్టి "జస్టిస్" అని వేస్తే ఆ సమర్థన కోర్టు నుంచి వచ్చినట్టు చదువుకుంటారు.