"ప్రవేశించుటకు మనకు ధైర్యము": హెబ్రీ పత్రిక 10:19 మీద చర్చ

ప్రశ్న: చెన్నైలో మేము వెళ్లే ఆరాధనలో వాక్యభాగాన్ని ముందు తెలుగులోనూ, వెంటనే తమిళంలోనూ చదువుతారు. బైబిలు కొత్త నిబంధనలోని లేఖ అయిన హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10:19లో, యేసు రక్తం వలన పరిశుద్ధస్థలంలో "ప్రవేశించుటకు మనకు ధైర్యము" కలిగియున్నదని తెలుగులో విన్నాను. తమిళంలో కూడా "తైరియం" అనే ఉంది. దేవుని సన్నిధికి చేరడానికి కావలసింది భయభక్తులు కదా, ధైర్యం ఎందుకు? స్వభావతః పిరికివారైన వారి మాటేమిటి? పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం: అమ్మా, ఈ వచనం లేవీయకాండము 16వ అధ్యాయాన్ని మనసులో ఉంచుకొని వ్రాసినది కాబట్టి ముందు అక్కడికి వెళ్లాలి. ఇశ్రాయేలీయుల ఆరాధనా గుడారమైన ప్రత్యక్షగుడారంలో తెర వెనుక ఉన్న అతిపరిశుద్ధమైన గదిలోకి ప్రధానయాజకుడు ఒక్కడే, ఏటా ప్రాయశ్చిత్త దినాన, అంటే ఏడవ నెల పదవ దినాన మాత్రమే వెళ్లేవాడు. ఆనాడు కూడా అతడు ఊరకే వెళ్లడానికి వీలులేదు. తన కోసం, తన ఇంటివారి కోసం కోడెదూడను, ప్రజల కోసం మేకను వధించి, తాను చావకుండేలా ధూపపు పొగ కరుణాపీఠాన్ని, అంటే నిబంధన మందసపు మూతను కమ్మిన తరువాతనే, ఆ రక్తాన్ని వ్రేలితో దాని మీదను, దాని ఎదుట ఏడుసార్లును ప్రోక్షించేవాడు. ఆ అధ్యాయం మొదలయ్యేదే, యెహోవా సన్నిధికి సమీపించి చనిపోయిన అహరోను ఇద్దరు కుమారుల ప్రస్తావనతో. ధూపం వేయబోయి కుష్ఠరోగి అయిన ఉజ్జియా రాజు కథ రెండవ దినవృత్తాంతములు 26లో ఉంది. ఆయనకు తెగువకు లోటు లేదు, ప్రవేశించే హక్కే లేదు. అందుచేత మన వచనంలోని ధైర్యాన్ని గుండెబలంగా అర్థం చేసుకుంటే, ఏ తెగువకు శిక్ష పడిందో దానినే పత్రికాకర్త మెచ్చుకున్నట్టవుతుంది.

మూలంలో ఉన్న గ్రీకు మాట పర్రేసియా. ఏథెన్సు పౌరుడు సభలో దాపరికం లేకుండా మాట్లాడగల స్వేచ్ఛను ఆ మాటతో చెప్పేవారు. బానిసకు ఆ స్వేచ్ఛ లేదు. అంటే అది మనిషి స్వభావాన్ని బట్టి కాక, అతని స్థానాన్ని బట్టి వచ్చేది. అయినా అనువాదకులు పొరపడ్డారని నేను అనను. "మీరున్నారన్న ధైర్యంతో వచ్చానండీ" అని మనం అంటాం. ఆ మాట అనేవారు తరచుగా భయస్థులే. అక్కడ ధైర్యానికి ఆధారం వచ్చినవారిలో లేదు, ఎదుటివారిలో ఉంది. ఈ వచనంలోని ధైర్యం అచ్చంగా అటువంటిది, దానికి ఆధారం "ఆయన రక్తము". ఇదే పత్రిక 4:16లో "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అన్నప్పుడు కూడా, అలా చేరేది కనికరం కోరి వచ్చేవారే కాని ధీరులు కారు. కాబట్టి పిరికివారికి ఈ వాక్యం తలుపు మూయదు. నన్నడిగితే, అది ముందుగా వారికోసమే తెరిచిన తలుపు.

మరొక ప్రశ్న: అయితే క్రైస్తవ విశ్వాసంలో మధ్యవర్తి ఎవరూ లేకుండా, నేరుగా దేవుణ్ణి చేరవచ్చునని చెప్పుకోవచ్చునా? ప్రసంగాలలో ఈ "నేరుగా" అనే మాట తరచుగా వినిపిస్తుంది.

సమాధానం: అయ్యా, ఆ మాట సగమే సరి. రెండు వచనాల తరువాతనే, దేవుని ఇంటిపైన మనకు గొప్ప యాజకుడు ఉన్నాడని పత్రికాకర్త అంటాడు. ఒకటవ తిమోతి 2:5 మధ్యవర్తి ఒక్కడే అంటుంది కాని, అసలు లేడని అనదు. పాత బలులు ఏటేటా మళ్లీ మళ్లీ జరగవలసి వచ్చేవి, క్రీస్తు తన్ను తాను ఒక్కసారే అర్పించుకున్నాడు, కాబట్టి మరొక బలి అక్కరలేదన్నది 9, 10 అధ్యాయాల వాదమంతటికీ వెన్నెముక. యాజకుడూ బలీ ఆయనే కావడం వలన దారిలో మరెవరి సిఫారసూ అవసరం లేకపోవడం వేరు, బలీ యాజకుడూ లేకుండా పోవడం వేరు. జర్మన్ మతసంస్కర్త లూథరు 1520లో విశ్వాసులందరూ యాజకులేనని వాదించినప్పుడు కూడా, క్రీస్తు యాజకత్వాన్ని ఆధారం చేసుకునే వాదించాడు. కతోలికులు తమ పూజలో క్రీస్తు అర్పించిన ఆ ఒక్క బలియే ప్రత్యక్షమవుతుందని నమ్ముతారు; పూజ జరిపే గురువుల పాత్రపై వారికీ ప్రొటెస్టెంటులకూ ఉన్న భేదం పెద్దది కాని, ఈ వచనార్థానికి అది తేల్చనక్కరలేదు.

ఇదే వాక్యం కొనసాగుతూ, యేసు మనకొరకు ప్రతిష్ఠించిన మార్గాన ప్రవేశిస్తామని 10:20లో చెబుతుంది. అక్కడ "నూతనమైన" మార్గం అన్నచోట ఉన్న గ్రీకు విశేషణానికి వ్యుత్పత్తిలో "అప్పుడే వధింపబడిన" అనే అర్థం ఉందని అంటారు. ఆ కాలానికి అది కేవలం "కొత్త" అనే అర్థంలోనే వాడుకలో ఉంది కాబట్టి, దాని మీద ఎక్కువ బరువు మోపకూడదు. "ప్రతిష్ఠించిన" అనే మాట మాత్రం మన చెవికి ఆసక్తికరంగా ఉంటుంది. మనం విగ్రహాన్నో ధ్వజాన్నో ప్రతిష్ఠిస్తాం, ఇక్కడ ప్రతిష్ఠింపబడినది దారి.

ఇక ఆ మార్గం "ఆయన శరీరము అను తెర" ద్వారా ఏర్పడిందని అదే వచనం అనడం గురించి: మూలవాక్యంలో శరీరం అన్నది తెరకు వివరణా, మార్గానికి వివరణా అనే విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయంతో లేరు. మన తెలుగు బైబిలు మొదటి పక్షాన్ని తీసుకుంది. పదాల వరుస ఆ పక్షానికే అనుకూలంగా ఉంది. సిలువపై యేసు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుండి క్రిందికి చినిగిందని మత్తయి 27:51 చెప్పే సంగతితోనూ అది చక్కగా పొసగుతుంది. అయితే ఆ సంఘటనను హెబ్రీ పత్రిక ఎక్కడా పేర్కొనలేదు. కాబట్టి ఆ రెండింటినీ కలిపి చదివేవారు, ఆ కలయిక తమ పఠనమేనని గుర్తుంచుకోవాలి.