కవర్డ్ స్టెంట్ వేశారు, పన్ను తీయాలంటే మాత్రలు ఆపమంటున్నారు. ఆపొచ్చా?

అడిగినవారు (బొబ్బిలి దగ్గర పల్లె):
మా మామయ్యకు 67 ఏళ్లు. మూడు వారాల క్రితం గుండెపోటు వస్తే 108లో విజయనగరం, అక్కడి నుంచి విశాఖ తీసుకెళ్లాం. స్టెంట్ వేస్తుండగా రక్తనాళానికి చిల్లు పడింది, గుండె చుట్టూ రక్తం చేరింది, సూదితో తీసి కవర్డ్ స్టెంట్ వేశాం అని బయటికొచ్చి రెండు ముక్కల్లో చెప్పారు. ఆ తర్వాత ఎవరూ వివరంగా చెప్పలేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి పంపించారు. ఇప్పుడు నడుస్తున్నారు, బాగానే తింటున్నారు. కానీ దవడ పన్ను ఒకటి విపరీతంగా నొప్పి పెడుతోంది. ఇక్కడి పళ్ల డాక్టరు గారు రక్తం పలచబరిచే మాత్రలు ఐదు రోజులు ఆపి రండి, తీసేస్తాను అన్నారు. రేపటి నుంచి ఆపాలి. అత్తయ్యకు ఒకటే టెన్షన్. ఆ చిల్లు మళ్లీ తెరుచుకుంటుందా? మాత్రలు ఆపొచ్చా? అసలు ఇది డాక్టర్ల తప్పా?

జవాబు (విజయనగరం, స్టెంట్లు వేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్‌లో పదకొండేళ్లు చేసిన స్టాఫ్ నర్సు):
అమ్మా, రేపు మాత్రలు ఆపకండి. స్టెంట్ వేసిన డాక్టరు గారు చెప్తే తప్ప ఒక్క పూట కూడా వద్దు. మిగతాది నెమ్మదిగా చదవండి.

మామూలు స్టెంట్ అంటే సన్నటి లోహపు జాలీ. కొన్ని నెలల్లో రక్తనాళం లోపలి పొర ఆ జాలీ కన్నాల్లోంచి పెరిగి దాన్ని కప్పేస్తుంది. కవర్డ్ స్టెంట్‌కు ఆ జాలీ మీద పలచని పొర ఉంటుంది. కొన్నింటికి పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం, కొన్నింటికి పాలీయురేతేన్. పొలంలో పైపు చిల్లు పడితే పైనుంచి రబ్బరు చుట్టి కడతాం కదా, ఇక్కడ అదే పని లోపలి నుంచి చేస్తారు. చిల్లు మూసుకుంటుంది, రక్తం దాని దారిన అది పోతుంది.

చిక్కంతా జాలీ మీది ఆ పలచని పొరతోనే. జాలీ కన్నాలు దాంతో మూసుకుపోయి ఉంటాయి కాబట్టి రక్తనాళం లోపలి పొర రెండు చివర్ల నుంచి మెల్లగా పాకుతూ రావాలి. అందుకు చాలా కాలం పడుతుంది. అది పూర్తయ్యేదాకా స్టెంట్ లోపల రక్తం గడ్డ కట్టే భయం మామూలు స్టెంట్ కంటే ఎక్కువ. మళ్లీ సన్నబడే అవకాశం కూడా ఎక్కువే. అందుకే రక్తం పలచబరిచే రెండు మాత్రలనూ సాధారణంగా ఏడాది పాటు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం రాస్తారు. మూడో వారంలో ఐదు రోజులు ఆపడమంటే గుండెకు చాలా ప్రమాదం. పన్ను దగ్గర కారే రక్తాన్ని గాజుగుడ్డ నొక్కిపెట్టి, కుట్టు వేసి ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అంత తేలిగ్గా ఆగదు.

చిల్లు గురించి. మొదటి గంటలు, మొదటి ఒకటి రెండు రోజులు మేము కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం. గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం మళ్లీ చేరితే గుండె సరిగా నిండలేదు, బీపీ పడిపోతుంది. అందుకే ఐసీయూలో మళ్లీ మళ్లీ ఎకో (గుండె స్కాన్) తీస్తారు. మూడు వారాలు దాటి మనిషి హాయిగా తిరుగుతున్నారంటే ఆ గండం చాలావరకు గడిచినట్టే. అయినా తర్వాతి చెకప్‌లో ఎకో ఒకసారి చేయమని అడగండి.

తప్పు ఎవరిదని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఇలా చిల్లు పడటం అరుదు, వంద మందిలో ఒకరికి కూడా జరగదు. పెద్ద వయసులో, సున్నం పేరుకుని గట్టిపడిన నాళంలో బెలూన్ ఉబ్బించినప్పుడు, లేదా పూర్తిగా మూసుకున్న నాళంలో తీగ దూర్చినప్పుడు జరుగుతుంది. 1994 నుంచి దీనికి మూడు స్థాయిల వర్గీకరణ ఉంది. రక్తం ధారగా బయటికి పోయే మూడో స్థాయిలో వెంటనే బెలూన్‌తో అక్కడే నొక్కిపట్టి, అలా ఆగకపోతే కవర్డ్ స్టెంట్ వేస్తారు. తీగ మొన తగిలి చివరి సన్న కొమ్మకు చిల్లు పడితే ఈ స్టెంట్ పనికిరాదు, కాయిల్స్ అనే చిన్న తీగ చుట్టలు పెట్టి మూస్తారు. నేను కళ్లారా చూశాను, ఆ నిమిషాల్లో గదిలో ఎవరూ మాట్లాడరు, అందరి కళ్లూ మానిటర్ మీదే. మీ మామయ్యను ఆ టీమ్ కాపాడింది. మీకు వివరంగా చెప్పకపోవడం మాత్రం వాళ్ల లోపమే. యాంజియోగ్రామ్ సీడీ, ప్రొసీజర్ నోట్స్, స్టెంట్ స్టిక్కర్ అడిగి తీసుకోండి. అది మీ హక్కు.

మాత్రల పేర్లేమిటో పెడతారా?

అడిగినవారు:
ఆస్పిరిన్ 75 ఒకటి, టికాగ్రెలార్ 90 పొద్దున రాత్రి. ఇంకా కొలెస్ట్రాల్‌ది, బీపీది. పంటి నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ గారు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేస్తానన్నారు. ఆకుకూరలు కూడా మానేయమన్నారు. మామయ్యకు గోంగూర లేకపోతే ముద్ద దిగదు.

జవాబు (విజయనగరం):
డైక్లోఫెనాక్ వద్దు. ఈ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తం పడవచ్చు, కిడ్నీలకూ మంచిది కాదు. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆకుకూరల పథ్యం వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్లకు, వీటికి కాదు. గోంగూర కూర నిశ్చింతగా వండిపెట్టండి, ఊరగాయ ఉప్పు మాత్రం తగ్గించండి.

టికాగ్రెలార్‌తో కొందరికి కాస్త ఆయాసంలా అనిపిస్తుంది. అలాగైతే డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మానకూడదు. ఛాతీలో నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేయండి.

మరొకరు (రాజాం):
నాకూ ఇదే స్టెంట్, నాలుగేళ్లయింది. ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి విజయనగరం వెళ్లి మాత్రల డబ్బా ఇంట్లో మరిచాను. రెండు రోజులే కదా అనుకున్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు, ఆ జనంలోనే మందుల షాపు వెతికి, ఫోన్‌లో ఉన్న చీటీ ఫొటో చూపించి కొనుక్కొచ్చింది. మీరూ చీటీ, స్టెంట్ కార్డు ఫొటోలు ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.

ఇంకొకరు (సోంపేట):
మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. ఇటువైపు వాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. యాంజియోగ్రామ్ రంగు మందు కిడ్నీల మీద పడుతుంది. ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు డాక్టరుకు చూపించండి.

అడిగినవారు:
అందరికీ దండాలు. ఈ పొద్దున పళ్ల డాక్టరు గారికి డిశ్చార్జి కాగితం చూపించాం. మామూలు స్టెంట్, అదీ పాతది అనుకున్నారట, మేమే సరిగా చెప్పలేదు. ఆయనే గుండె డాక్టరు గారికి ఫోన్ చేశారు. మాత్రలు ఆపడం లేదు. పన్ను ఇప్పుడే తీయకుండా, పైన తెరిచి మందు పెట్టి నొప్పి తగ్గించారు. తీయాల్సి వస్తే తర్వాత, మాత్రలు వేసుకుంటూనే ఒక్క పన్నే తీసి కుట్టు వేస్తానన్నారు. వచ్చే వారం చెకప్‌లో ఎకో, సీడీ రెండూ అడుగుతాం. అత్తయ్య మధ్యాహ్నం గోంగూర వండింది.