క్లయింట్‌ను మావాళ్లు "నల్లోడు" అంటున్నారు. ఎలా ఆపాలి?

మియాపూర్ అమ్మాయి:
మాది గచ్చిబౌలిలో పదకొండు మంది టీమ్. తొమ్మిది మందిమి తెలుగువాళ్లమే. క్లయింట్ వైపు మేనేజర్ అట్లాంటాలో ఉంటారు, నల్లజాతి అమెరికన్. రోజూ రాత్రి ఏడున్నరకు కాల్. చాలా మంచి మనిషి. సద్దుల బతుకమ్మ రోజు రిలీజ్ పడిందని తెలిసి ఆయనే తేదీ జరిపారు.

మావాళ్లు మాత్రం ఆయన పేరు ఎత్తరు. "నల్లోడు జాయినయ్యాడా?", "నల్లోడి మెయిల్ చూశావా?" ఇదే వరస. మొన్న మంగళవారం ఒక కుర్రాడు మ్యూట్‌లో ఉన్నాననుకుని అనేశాడు. మ్యూట్ పడలేదు. ఆయన ఓ క్షణం ఆగి, "నన్నేమైనా అడిగారా?" అన్నారు. మా లీడ్ ఏదో చెప్పి సర్దేశాడు. కాల్ అయ్యాక ఒకటే నవ్వులు. నేను లాప్‌టాప్ మూసేసి క్యాబ్ దగ్గరికి వెళ్లిపోయాను.

నేనూ నలుపే. చిన్నప్పుడు నలుగు పెడుతూ మా నాయనమ్మ మోచేతులు మంటపుట్టేదాకా రుద్దేది. సంబంధాల వాళ్లకు ఫోన్లో "పిల్ల చామనఛాయ" అని చెప్పేటప్పుడు అమ్మ గొంతు తగ్గిపోయేది. ఆఫీసులో ఆ మాట వినబడితే నన్నే అన్నట్టుంటుంది. లీడ్‌ను అడిగితే "తెలుగులోనే కదమ్మా, ఆయనకేం తెలుస్తుంది" అన్నాడు. హెచ్ఆర్‌కు చెబితే ఆ కుర్రాడి ఉద్యోగం పోతుందేమో, వాడికి ఈమధ్యే పాప పుట్టింది. ఏం చేయమంటారు?

తిరిగొచ్చిన బాబాయ్:
అమ్మా, నేను పద్నాలుగేళ్లు అమెరికాలో చేసి వచ్చాను. అక్కడా మనవాళ్లు ఇదే మాట, నేనూ అన్నాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో మన హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను "మా దేశం వదిలి పో" అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఇరాన్ వాళ్లనుకున్నాడట. ఆ వారం నా డెస్క్ దగ్గరికొచ్చి "ఒక్కడివే వెళ్లకు, నేను దింపుతా" అన్నది ఓ నల్లజాతి సహోద్యోగి. కారులో కూర్చున్నాక నాకు నోట మాట రాలేదు.

ఇంకొకటి. 1965 దాకా అమెరికా మన దేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. నల్లవాళ్లు పోరాడి 1964లో పౌరహక్కుల చట్టం సాధించారు, ఆ ఊపులోనే మరుసటేడు వలస చట్టం మారింది. మనం వీసాకు లైన్లో నిలబడుతున్నామంటే అందులో వాళ్ల చెమట ఉంది. ఇది మీ లీడ్‌కు చెప్పండి.

కూకట్‌పల్లి కోడర్:
నలుపు మనకు తిట్టెప్పుడైంది? కృష్ణుడు నలుపు కాదా? ఊరికే పెద్దది చేస్తున్నారు.

మియాపూర్ అమ్మాయి:
అన్నా, అదే కాల్‌లో ఇద్దరు తెల్లవాళ్లుంటారు. వాళ్లను పేరుతోనే పిలుస్తాం. "తెల్లోడు" అని ఒక్కసారీ వినలేదు.

ఏసీ గార్డ్స్ పిలగాడు:
అక్కా, మా బస్తీ పేర్ల ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కాడ గుర్రపు దళంల చేసిన హబ్షీల, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ల వల్ల వచ్చిన పేరు. వాళ్ల మనుమలు ఇక్కడనే ఉన్నరు, పెండ్లిళ్లల్ల మార్ఫా డప్పులు వాళ్లు కొడితేనే మజా. వాళ్లల్ల ఒకడు నా దోస్తు, పుట్టింది ఈడ నిలోఫర్ దవాఖానల, వానికి తెలుగు, ఉర్దూ రెండొస్తయ్. బస్సుల వాని ముందటనే "నల్లోడు జరగడేంది" అంటరు, తెల్వదనుకొని. వాడు తెలుగులనే "జరుగుతున్నన్నా" అంటడు. అప్పుడు అందరి మొఖాలు చూడాలె. గుంపుల చెప్పకు అక్కా. ఆ పిలగాన్ని ఒక్కన్ని చాయ్‌కి తీస్కపో.

మియాపూర్ అమ్మాయి:
నిన్న తీసుకెళ్లాను. నాయనమ్మ నలుగు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు కప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "మా పాపా నా రంగే అక్కా" అన్నాడు. "ఇన్నాళ్లూ మీరెందుకు అనలేదు?" అని కూడా అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. రాత్రి కాల్‌లో ఆయన్ను పేరు పెట్టి పిలిచాడు, కాస్త తడబడ్డాడు. లీడ్ మాత్రం పాత మాటే. సోమవారం లీడ్‌తో మాట్లాడతాను. బాబాయ్, ఆ 1965 సంగతి మీ పేరు చెప్పకుండా వాడుకుంటాను.