‘అకొనితి’: దుమ్ము అంటకుండా గెలవడం అంటే ఏమిటి?

ప్రశ్న:
పాత ఒలింపిక్స్ గురించి చదువుతుంటే ‘అకొనితి’ అనే గ్రీకు మాట తగిలింది. ‘దుమ్ము అంటకుండా గెలిచాడు’ అని అర్థం ఇచ్చారు. అంటే ఒక్కసారి కూడా కింద పడకుండా, వీపుకు మట్టి అంటకుండా గెలిచాడనా? మన ‘మట్టి కరిపించాడు’కి దగ్గరి మాటేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
కాదండీ. ఆ దుమ్ము కింద పడితే అంటేది కాదు, కుస్తీకి ముందు చల్లుకునేది.

గ్రీకు మల్లుడు ముందు ఒంటికి ఆలివ్ నూనె పట్టించేవాడు. నూనె ఒంటి మీద పట్టు దొరకదు కాబట్టి దాని మీద మెత్తటి దుమ్ము చల్లుకునేవాడు. ఇందులోనూ బోలెడు పట్టింపులు. వ్యాయామం మీద గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ రాసిన పుస్తకంలో బంకమట్టి, పెంకుల పొడి, తారు పొడి, నల్లమట్టి, పసుపు మట్టి అని రకాలు చెప్పాడు. చెమట సరిగా పట్టనివాడికి పెంకుల పొడి, ఒళ్లు చల్లబడినవాడికి తారు పొడి. పసుపు మట్టి అయితే ఒళ్లు నిగనిగలాడి చూడ్డానికి బాగుంటుందట. మణికట్టు వదులుగా ఉంచి, వేళ్ల సందుల్లోంచి రాలేలా చల్లాలని కూడా రాశాడు.

‘కోనిస్’ అంటే దుమ్ము. ముందున్న ‘అ’ మన అధర్మం, అకాలంలో ఉన్న ‘అ’కి చుట్టమే. ప్రత్యర్థి రాలేదు, లేదా తప్పుకున్నాడు. దుమ్ము చల్లుకునే పనే పడలేదు. అదీ అకొనితి. ఇప్పటి భాషలో వాకోవర్.

ఒలింపియాలో పాంక్రేషన్ (కుస్తీ, బాక్సింగ్ కలిసిన పోరు) పోటీని ఇలా గెలిచిన మొదటివాడు మాంటినియాకు చెందిన డ్రోమియస్ అని గ్రీకు యాత్రా రచయిత పౌసానియాస్ రాశాడు. అది క్రీ.పూ. 480. అతని మీదికి రావలసిన థియాజెనిస్ అంతకుముందే బాక్సింగ్‌లో యూథిమస్‌ను ఓడించి, ఒంట్లో ఓపిక లేక తప్పుకున్నాడు. న్యాయనిర్ణేతలు ఊరుకోలేదు. యూథిమస్ మీద కక్షతోనే బాక్సింగ్‌లో దిగావంటూ దేవుడికి ఒక టాలెంట్ (అప్పట్లో చాలా పెద్ద మొత్తం డబ్బు), యూథిమస్‌కి ఒక టాలెంట్ జరిమానా వేశారు.

ఇంకొకరు:
వాకోవర్‌తో గెలిస్తే మనకి అదోలా ఉంటుంది కదా, ‘ఆడకుండానే కప్పు కొట్టాడు’ అంటాం. వాళ్లకి చిన్నతనం అనిపించేది కాదా?

జవాబు:
అనిపించేది కాదు. పేరు విని ఎదుటివాడు జారుకున్నాడంటే అంతకన్నా గొప్పేముంది? అందుకే విజేతలు ఈ మాటను గర్వంగా శాసనాల్లో చెక్కించుకున్నారు. వాళ్లు కాస్త తక్కువగా చూసింది ‘ఎఫెడ్రోస్’ని. ఒక రౌండు ఆడకుండానే ముందుకెళ్లే మన ‘బై’ అన్నమాట. గ్రీకు రచయిత లూసియన్ ఆ చీట్లు తీసే తంతు వర్ణించాడు. వెండి పాత్రలో చిక్కుడు గింజంత బిళ్లలు, ఒక్కో అక్షరం రెండేసి బిళ్లల మీద. మల్లుడు జియస్‌కి దండం పెట్టుకుని ఒకటి తీస్తాడు. పక్కనే కొరడా పట్టుకున్నవాడు నిలబడి, అందులో ఏముందో అప్పుడే చూడనివ్వకుండా చెయ్యి పట్టుకుంటాడు. అందరూ తీశాక అధికారి వచ్చి జతలు కలుపుతాడు. లెక్క బేసి అయితే జత లేని అక్షరం వచ్చినవాడు కూర్చుని, అలిసిపోయినవాడితో తాజాగా తలపడతాడు. దాంతో ‘నేను ఎఫెడ్రోస్‌గా కూర్చోకుండా గెలిచాను’ అని చెప్పుకోవడమూ ఒక గొప్పే. నా మటుకు నాకు ఈ లెక్క తిరకాసుగానే ఉంది. ఒక్క రౌండు తప్పితే వంక, మొత్తం పోటీ తప్పితే ఘనత!

అకొనితి కిరీటం ఎప్పుడూ సాఫీగా దక్కేదనీ అనుకోకండి. క్రీ.శ. 93లో అలెగ్జాండ్రియా బాక్సర్ అపొలోనియస్ ఒలింపియాకి ఆలస్యంగా వచ్చి, ఎదురుగాలికి ఓడ ఆగిపోయిందన్నాడు. నిజానికి ఆయన అయోనియాలో డబ్బు బహుమతుల పోటీలు ఆడుతూ ఉండిపోయాడని తోటి అలెగ్జాండ్రియావాడు హెరాక్లైడిస్ బయటపెట్టాడు. కిరీటం హెరాక్లైడిస్‌కి దుమ్ము అంటకుండానే వచ్చింది. అపొలోనియస్ ఊరుకున్నాడా? చేతులకి తోలు పట్టీలు బిగించి, తలమీద ఆలివ్ కొమ్మతో ఉన్న విజేత మీదికి దూకాడు. అతను న్యాయనిర్ణేతల దగ్గరికి పరుగెత్తాడు.

అకొనితి గెలుపు మీద గ్రీకు కవితా సంకలనంలో ఒక చాటువు లాంటి పద్యం కూడా ఉంది. క్రొటోన్ మల్లుడు మైలో ఒకసారి పోటీకి ఒక్కడే వచ్చాడు. వచ్చి కిరీటం తీసుకోమని పిలిచారు. నడుస్తూ జారి తుంటి మీద పడ్డాడు. ‘ఒక్కడే ఉండి కూడా పడ్డవాడికి కిరీటమేంటి?’ అని జనం గోల. మైలో లేచి, ‘మూడు పడితే కదా ఓటమి? ఒకటే పడ్డాను. మిగతావి ఎవరైనా వచ్చి పడేయండి’ అన్నాడట. కుస్తీలో ప్రత్యర్థిని మూడుసార్లు పడేస్తేనే గెలుపు, హాస్యమంతా దాని మీదే నడిచింది. దుమ్ము అక్కర్లేని గెలుపులో దుమ్ము అంటించుకున్నాడు పాపం.

మరొకరు:
కుస్తీ బయట ఈ మాట వాడారా?

జవాబు:
వాడారు. యుద్ధం లేకుండానే గెలుపు చేతికొచ్చిన సందర్భంలో, మెగారా పట్టణం దగ్గర స్పార్టా సేనాని బ్రాసిడస్ సేన గురించి గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ ఈ మాటే వేశాడు. రోమన్లలో కవి హొరేస్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చుకున్నాడు. పల్లెల్లో, నాలుగు రోడ్ల కూడళ్లలో కొట్లాడే బాక్సర్‌కి దుమ్ము లేకుండానే ఒలింపిక్ కిరీటం వస్తానంటే కాదంటాడా అని అడుగుతాడు.

మరొకరు:
వసనాభిని అకొనైట్ అంటారు కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు:
ఉందని పాతకాలం వాళ్లలో కొందరు అనేవారు. బండల మీద, చుట్టూ దుమ్ము కూడా లేనిచోట పెరుగుతుంది కాబట్టి ఆ పేరని రోమన్ రచయిత ప్లినీ ఎత్తి చూపాడు. అదే చోట, ‘అకొనయ్’ అనే రాతి గుట్టల మీద మొలుస్తుంది కాబట్టి వచ్చిందనీ రాశాడు. నాకైతే రెండూ పేరు చూసి తర్వాత అల్లిన కథల్లాగే ఉన్నాయి.