1943 శాంటా ఫే గూడ్స్‌ని హెచ్ఓలో (అసలుకి 87వ వంతు సైజు మోడల్) కడుతున్నా, నా వ్యాగన్ల లిస్టులో తప్పులు చెప్పండి

పట్టాలపిచ్చి:
జాక్ డెలానో రంగు ఫొటోలు చూసినప్పటి నుంచి నాకు ఇదే యావ. 1943 మార్చిలో ఆయన అమెరికా యుద్ధ సమాచార శాఖ తరఫున షికాగో నుంచి కాలిఫోర్నియా దాకా శాంటా ఫే రైల్వే కంపెనీ గూడ్స్ బళ్ల మీద వెళ్తూ తీసినవి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో పెద్ద సైజులో ఉచితంగానే ఉన్నాయి, చూడనివాళ్లు వెంటనే చూడండి. అలాంటి బండి ఒకటి నా లేఅవుట్ (ఇంట్లో వేసుకున్న మోడల్ రైలు పట్టాల అమరిక) మీద నడపాలని ఉంది. ముందు నీలం పసుపు ఎఫ్‌టీ డీజిల్ ఇంజన్ నాలుగు యూనిట్లు, వెనక నారింజ పళ్లతో, నిండా ఐసుతో 20 రీఫర్లు (సరుకు చల్లగా ఉంచే వ్యాగన్లు), మధ్యలో నాలుగు పీఎస్-1 రకం బాక్స్‌కార్లు (నాలుగు వైపులా మూసిన పెట్టె వ్యాగన్లు), చివర కాబూస్ (గార్డు పెట్టె). లూపు లైను (బండి పక్కన నిలిపే పట్టా) 3.5 మీటర్లు, మలుపులు 24 అంగుళాల వ్యాసార్ధం. మొన్న చేతిలో ఉన్నవన్నీ తగిలించి చూస్తే మలుపులో రెండు వ్యాగన్లు లోపలి వైపుకి పడిపోయాయి, అదో తలనొప్పి.

ఐసుగడ్డ:
లిస్టు సంగతి తర్వాత, ముందు మీ బండి ఎటు పోతోందో తేల్చుకోండి. డెలానో వెళ్లింది పడమరకి. నారింజలు వెళ్లేది తూర్పుకి. అంటే ఆయన వెళ్లిన దిక్కులో రీఫర్లు చాలావరకు ఖాళీగా, మళ్లీ పళ్లు ఎక్కించుకోడానికి తిరిగి పోతున్నవే ఉంటాయి, వాటిలో ఐసు ఎందుకు పోస్తారు? ఫొటోల్లోని బండే కావాలంటే రీఫర్లు తగ్గించి బాక్స్‌కార్లు పెంచండి, యుద్ధం రోజులు కాబట్టి ఫ్లాట్‌కార్ల (గోడలు లేని వ్యాగన్లు) మీద టార్పాలిన్ కప్పిన సరుకు కూడా బాగుంటుంది. పళ్ల బండే కావాలంటే మొహం తూర్పుకి తిప్పేయండి, అప్పుడు మీ రీఫర్లన్నీ న్యాయమే.

ఎఫ్‌టీలు కావాలన్నారు కాబట్టి బార్‌స్టో, విన్‌స్లో మధ్య ఎడారి ఎంచుకోండి. అక్కడ స్టీమ్ ఇంజన్లకి నీళ్లు దొరక్క ట్యాంకు వ్యాగన్లలో మోసుకొచ్చేవాళ్లు, శాంటా ఫే డీజిళ్లని ముందుగా ఆ దారిలోకి దింపింది అందుకే. ఆ నీళ్ల ట్యాంకులు ఒకటి రెండు సైడింగ్‌లో నిలబెడితే చూసేవాడికి కథ అర్థమైపోతుంది.

ఇక పీఎస్-1 తీసేయండి, అది 1947లో వచ్చిన డిజైన్. బదులుగా 1937 ఏఏఆర్ (అమెరికా రైల్వేల సంఘం) డిజైన్ స్టీల్ బాక్స్‌కార్లు, పెన్సిల్వేనియా రైల్వే వాళ్ల ఎక్స్29 రకం పెట్టొచ్చు. రీఫర్ల మీద రాతలు కూడా చూసుకోండి. ఆ రోజుల్లో ఒక పక్క శాంటా ఫే రూట్ మ్యాప్, రెండో పక్క చీఫ్, స్కౌట్ లాంటి ప్యాసింజర్ రైళ్ల పేర్లు. 'షిప్ అండ్ ట్రావెల్' అని రాసి ఉంటే అది యుద్ధం తర్వాతది, కొనకండి.

కప్లర్‌కష్టాలు:
మీ లెక్క లూపులో పట్టదండీ. 40 అడుగుల రీఫరు కప్లర్లతో (వ్యాగన్లని తగిలించే కొక్కేలు) కలిపి మోడల్లో 15 సెంటీమీటర్లు దాటుతుంది, ఎఫ్‌టీ నాలుగు యూనిట్లు అసలు 193 అడుగులు, అంటే 67 సెంటీమీటర్లు అక్కడే పోయాయి. కాబూస్‌కి ఇంకో 12 తీసేస్తే 17 వ్యాగన్లు దూరతాయి, అదీ చివరి పాయింటు (పట్టా చీలే చోటు) దగ్గర ఇరుగ్గా. 16కి ఆగండి.

మలుపులో పడిపోయేది బరువు వల్లే అనుకుంటున్నా. ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) సూత్రం ప్రకారం హెచ్ఓ వ్యాగన్‌కి ఒక ఔన్సు, పొడవులో ప్రతి అంగుళానికి ఇంకో అర ఔన్సు. మీ రీఫరుకి 110 గ్రాముల దాకా రావాలి. తేలికైనది ఇంజన్ వెనకే ఉంటే, వెనకున్న బండి మొత్తం బరువూ దాన్ని మలుపు లోపలికి లాగేస్తుంది. నాకూ ఇదే జరిగింది. వంటింటి తూకం మీద పెడితే ఒక ఫ్లాట్‌కార్ 58 గ్రాములే చూపించింది, అప్పటిదాకా నేను పట్టాల్నే తిడుతూ కూర్చున్నా. అడుగున సీసం ముక్కలు అతికించి చక్రాలు మెటల్‌వి వేశాక మళ్లీ పడలేదు. కప్లర్ ఎత్తు కూడా గేజి పెట్టి చూడండి, కింద వేలాడే తీగ పాయింట్ల దగ్గర తగిలితే అదో గొడవ.

పట్టాలపిచ్చి:
దిక్కు సంగతి నాకు తట్టనే లేదు, సిగ్గుగా ఉంది. తూర్పుకే తిప్పేస్తా, 12 రీఫర్లు, 4 బాక్స్‌కార్లు. ఆ నాలుగూ శాంటా ఫేవే పెట్టనా?

మసిబొగ్గు:
వద్దు. బాక్స్‌కార్లు దేశమంతా తిరిగేవి, ఖాళీ అయిన చోట దొరికిన లోడు ఎక్కించి పంపేసేవాళ్లు. అందుకే ఏ గూడ్స్‌లో చూసినా పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ లాంటి పెద్ద కంపెనీల పెట్టెలే ఎక్కువ తగులుతాయి, వాటి దగ్గర వ్యాగన్లు అన్ని ఉన్నాయి మరి. నాలుగులో ఒకటి శాంటా ఫే, మిగతావి బయటివి పెట్టండి. అన్నీ ఆ బోరుకొట్టే ఎరుపు గోధుమ రంగే కావాలి. నేనైతే అపురూపమైన వ్యాగన్ ఒక్కటి కూడా పెట్టను, చూసేవాడి కన్ను దాని మీదే పడి బండి బొమ్మలా కనిపిస్తుంది.

ఇంకో చిన్న విషయం, పాత కడ్డీ ఫ్రేముల ఆర్చ్‌బార్ ట్రక్కులు (వ్యాగన్ కింద చక్రాల బండ్లు) బయటి కంపెనీల వ్యాగన్లకి ఉండకూడదు, అవున్న వ్యాగన్లు ఒక కంపెనీ లైను నుంచి ఇంకో కంపెనీ లైనుకి వెళ్లడాన్ని 1941లోనే నిషేధించారు. పైన చెప్పిన నీళ్ల ట్యాంకులకి మాత్రం ఉండొచ్చు, అవి సొంత లైను దాటి పోవు కదా. మసి పైకప్పుల మీద ధారాళంగా పూయండి, ముందు డీజిల్ ఉన్నా ఆ వ్యాగన్లు అంతకుముందు తిరిగిందంతా ఎక్కువగా బొగ్గు, నూనె పొగలోనే. రెండు రీఫర్లని మాత్రం కొత్త పెయింట్‌తో వదిలేయండి.

పట్టాలపిచ్చి:
సరే, బరువు తూచడం ఇవాళే మొదలెట్టా. ఐసుగడ్డ గారూ, ఒక్క డౌటు. నా లేఅవుట్ గోడకి ఆనుకుని ఉంది, బండి ఒక పక్కే కనిపిస్తుంది. మ్యాప్ పక్క ఇటు పెట్టనా, పేర్ల పక్కా?

ఐసుగడ్డ:
కలగాపులగంగా పెట్టండి. యార్డులో ఎవరూ మ్యాప్ అంతా ఒకే వైపు వచ్చేలా తిప్పి పెట్టరు.